గాయకుడి ముందున్న స్పీకరుకు వేరే దారి ఇవ్వండి

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, పెద్దలకు, ముఖ్యంగా వెనుక నిలబడి ఉన్న సౌండ్ పనివారికి నమస్కారం. బెంగళూరు శ్రీరామనవమి సంగీతోత్సవాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. త్యాగరాజస్వామి తెలుగు మాటలను తెలుగు రానివారు కూడా పందిళ్ళలో కూర్చుని శ్రద్ధగా వినే నగరం ఇది. ఆ మాటలు చివరి వరుసకు చేరేసరికి అలుక్కుపోతున్నాయన్న బాధ నాకు చాలాకాలంగా ఉంది కనుక, ఈ సమయాన్ని దానికే వినియోగించడానికి అనుమతించండి.

మల్లేశ్వరం దగ్గర ఎవరి పేరిట వయొలిన్ ఆకారపు సభాభవనం ఉందో ఆ వయొలిన్ విద్వాంసులు చౌడయ్యగారు, మైకులు అంతగా లేని రోజుల్లో పెద్ద సభకు నాదం చాలడం లేదని ఏడు తంత్రుల వయొలిన్ పట్టారు. నేడు మనకు నాదం చాలకపోవడం లేదు, అది వెళ్ళే దారి సరిగా ఉండడం లేదు.

ఒక సభలో చూసినది చెబుతాను. మైకుల శబ్దాలను కలిపే మిక్సరు నుంచి వచ్చిన శబ్దాన్ని, దానికి బలమిచ్చే యాంప్లిఫైయరు రెండు ఛానళ్ళకూ ఒకేలా ఇచ్చి, ఎడమ స్పీకరును ఒకదానికి, కుడి స్పీకరును రెండోదానికి కలిపి, ఆ కుడి స్పీకరు వెనుక నుంచే మరో తీగ లాగి గాయకుడి ముందున్న మానిటరుకు, అంటే అతని గొంతును అతనికే వినిపించే స్పీకరుకు, తగిలించారు. తన గొంతు తనకు వినబడక గాయకుడు వేలు పైకెత్తి సైగ చేసినప్పుడల్లా, సౌండ్ చూస్తున్న కుర్రవాడు చేయగలిగింది మొత్తం శబ్దాన్ని పెంచడమే. పెంచగానే మైకు కూసింది. తగ్గించగానే చరణంలోని మాటలు వెనుకవారికి అందకుండా పోయాయి. కచేరీ అంతా ఆ సైగలతోనే గడిచింది. ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు.

నన్ను ఇప్పటికీ బాధించేది ఏమిటంటే, దానికి కావలసినదంతా ఆ బల్ల మీదే ఉంది. మిక్సరులో ఆక్స్ అవుట్‌పుట్, అంటే సభకు వెళ్ళే శబ్దంతో సంబంధం లేకుండా వేరుగా శబ్దాన్ని బయటికి పంపే దారి, ఖాళీగా ఉంది. ముందున్న రెండు స్పీకర్లనూ ఒకే ఛానలుకు సమాంతరంగా కలిపి, ఆక్స్ నుంచి ఒక కేబుల్‌ను రెండో ఛానలుకు ఇచ్చి, మానిటరును దానికి తగిలిస్తే సరిపోయేది. ఆ ఆక్స్‌ను, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే జారుడు మీట అయిన ఫేడరుకు ముందు నుంచి తీసుకుంటే, సభికుల కోసం ఫేడరును ఎంత కదిపినా గాయకుడికి వినబడే శబ్దం మారదు.

ఇక్కడ ఒక్క లెక్క మరువకూడదు. ఓం అంటే విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధానికి కొలత. 8 ఓంల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిస్తే 4 ఓంలు, మూడు కలిస్తే సుమారు 2.7 ఓంలు అవుతుంది. 4 ఓంలకు తగ్గకూడదని రాసి ఉన్న యాంప్లిఫైయరుకు మూడోది తగిలిస్తే అది వేడెక్కి, కచేరీ మధ్యలో ఆగిపోవచ్చు. 8 ఓంల స్పీకరుకు 400 వాట్లు ఇవ్వాలంటే దాదాపు 57 వోల్టులు కావాలి. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. కనుక మైకు కోసం చేసిన సన్నని షీల్డు కేబుల్‌ను స్పీకరుకు వాడకండి, లావుపాటి రెండు తీగల కేబుల్ వాడండి. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారైతే సభ నడిమధ్యన మృదంగం ఎడమవైపు గంభీరనాదం చప్పబడిపోతుంది.

పందిరి పొడవుగా ఉన్నచోట వెనుక స్పీకర్లు పెట్టడం మంచిదే. అయితే వేదిక దగ్గరి శబ్దం 35 మీటర్లు రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, తీగలో సంకేతం తక్షణమే చేరుతుంది. వెనుక స్పీకర్ల సంకేతాన్ని ఆ మేరకు ఆలస్యం చేయకపోతే ప్రతి అక్షరం రెండుసార్లు వినబడుతుంది.

కార్యదర్శులారా, మీకు నా విన్నపం ఇదే. వచ్చే ఉత్సవానికి సౌండ్ సెట్ మాట్లాడుకునేటప్పుడు వాట్లు ఎన్నని అడిగి ఊరుకోకండి. మానిటరుకు వేరే ఆక్స్, వేరే యాంప్లిఫైయరు ఛానలు ఉండాలని ఒప్పందంలో రాయించండి; గాయకుడు వేదిక ఎక్కకముందే ఒక్కొక్క తీగనూ సరిచూసుకోవడానికి ఆ పనివారికి ఒక గంట వ్యవధి ఇవ్వండి.