ఒళ్ళు చూస్తే ఇల్లు తెలుస్తుంది

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది టీచర్లు, తల్లిదండ్రులు వచ్చారంటే సంతోషంగా ఉంది.

విశాఖ పిల్లల్ని సముద్ర జంతువుల పేర్లు అడిగితే గడగడా చెప్పేస్తారు. నీలి తిమింగలం, పెంగ్విన్, షార్క్, ఆక్టోపస్. మరి పెంగ్విన్ ఎక్కడుంటుందిరా అంటే "సముద్రంలో" అంటారు. తప్పు వాళ్ళది కాదు. మనం గోడకి తగిలించిన చార్టులో అన్నీ ఒకే నీలిరంగు నీళ్ళలో పక్కపక్కనే ఈదుతుంటాయి. అందుకే నేననేది, పేరు తర్వాత చెప్పండి. ముందు దాని ఇల్లెక్కడో పిల్లల చేతే కనిపెట్టించండి.

దానికి అక్వేరియం అక్కర్లేదు. పొద్దున్నే మన ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళండి. కాసేపు ముక్కు మూసుకుంటారు, తర్వాత మనం రమ్మన్నా రారు. చేతికి ఒక కానాగంత ఇవ్వండి. వీపు ముదురు రంగు, పొట్ట వెండిలా తెలుపు. ఎందుకలా? పైనుంచి పక్షి చూస్తే వీపు ముదురు నీళ్ళలో కలిసిపోతుంది. కిందనుంచి పెద్ద చేప చూస్తే పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. అంటే దాక్కోవడానికి రాయీ రప్పా లేని చోట, నడినీళ్ళలో బతికే చేపన్నమాట. పక్కనే వంజరం ఉంటుంది. కండెలాంటి ఒళ్ళు, లోతుగా చీలిన తోక. ఇది వేగంగా ఈదుతుందా, నెమ్మదిగానా అని అడిగి చూడండి.

ఇప్పుడు టేకు చేప. బల్లపరుపుగా ఉంటుంది, కళ్ళు పైన, నోరు కింద. అడుగున ఇసుకలో పడుకుని పీతల్నీ నత్తల్నీ తినేదానికి నోరు కిందుంటేనే సుఖం. తోకకు విషపు ముల్లు ఉండొచ్చు, తీసేశారో లేదో అడిగాకే ముట్టుకోనివ్వండి. నాలుక చేప ఇంకా వింత. పుట్టినప్పుడు కళ్ళు చెరో వైపు ఉంటాయి, పెరిగేకొద్దీ ఒక కన్ను అవతలి వైపుకి జరిగిపోతుంది. ఎందుకు జరిగిందో మీరు చెప్పకండి. "కిందికన్ను ఇసుకలో ఉంటే ఏం కనపడుద్ది సార్?" అని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ జవాబు కోసమే ఇంత దూరం రావడం. ఇంకా అనుమానాలుంటే అక్కడ చేపలమ్మే అమ్మల్ని అడగండి, ఏ చేప ఏ లోతులో పడుతుందో మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు.

రుషికొండ దగ్గర రాళ్ళున్న చోటు ఇంకో రకం ఇల్లు. ఆటు సమయంలో, అలలు నెమ్మదిగా ఉన్నప్పుడే వెళ్ళండి. రోజుకి రెండుసార్లు నీళ్ళు తీసి ఎండలో నిలబెట్టే ఇల్లది. రాతికి అతుక్కున్న తెల్లటి బార్నకిల్స్ అనే చిన్న గుల్ల జీవులు తలుపు మూసుకుని తడి దాచుకుంటాయి. ఖాళీ శంఖాన్ని మోసుకుతిరిగే పీత కనిపిస్తే పిల్లలు వదలరు. ఒళ్ళు పెరిగితే అది ఇంకో పెద్ద శంఖం వెతుక్కోవాలి. మనం సంచుల్లో నింపుకొచ్చేవి అవే మరి! చచ్చిన జెల్లీ ఫిష్‌ని మాత్రం ముట్టుకోనివ్వకండి, చచ్చినా కుడుతుంది.

తాబేళ్ళ గురించి రెండు ముక్కలు. ఆలివ్ రిడ్లేలు చలికాలం చివర్లో రాత్రిపూట మన తీరానికొచ్చి, ఒక్కో గూట్లో వంద, అంతకు మించి గుడ్లు పెడతాయి. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది, వేడెక్కువైతే ఆడపిల్లలు. రాత్రి గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. పూర్వం ఆ వెలుగు సముద్రానిది, ఇప్పుడు బీచ్ రోడ్డు లైట్లది. అటవీ శాఖ గుడ్లు పొదిగించే హేచరీల్లో తాబేలు పిల్లల్ని వదిలేటప్పుడు చూపించండి, టార్చిలు, ఫ్లాష్‌లు వద్దు.

హార్బర్‌కి ఏప్రిల్ 15 లోపే ప్లాన్ చేసుకోండి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులూ గుడ్లు పెట్టే చేపలకి వదిలేసినవని పిల్లలకి చెప్పొచ్చు. ఆటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, స్కూలు బస్సు టైము దాన్ని బట్టే చెప్పండి.