పద్దెనిమిది నిండినాక యాడికి పోవాల?
(ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇల్లు లేకుండా పోతున్న పిల్లల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. తిరుపతిలో సోషల్ వర్క్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ చిత్తూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (చిత్తూరు): నమస్తే మేడమ్. మా అక్క పోయినాక ఆమె కొడుకు దిక్కులేని పిల్లల్ని ఉంచే హోమ్‌లోనే పెరిగినాడు. ఉగాది దాటితే 18 నిండుతాయి. ఆ పైన ఉంచుకోరంట. నాకు ముగ్గురు బిడ్డలు, ఉండేది ఒకటే గది. ఎట్ల చేసేది?

మేడమ్: వాణ్ణి చూసేదానికి పోతా ఉండారా అమ్మా?

శ్రోత: పండగలకు పోతాను మేడమ్. వాడు మనసులో ఏముందో చెప్పడు.

మేడమ్: ఇకనుంచి నెలనెలా పోండి. ఎందుకో చెప్తాను. అమెరికాలో మార్క్ కోర్ట్నీ అనే సోషల్ వర్క్ పరిశోధకుడు, ఆయన బృందం ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల్లో ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన 732 మందిని 17, 18 ఏళ్ల వయసు నుంచి 26 దాకా గమనిస్తూ వచ్చారు. 26 వచ్చేసరికి వాళ్లలో 31 నుంచి 46 శాతం మంది ఒక్కసారైనా తలదాచుకునే చోటు లేక గడిపినవాళ్లే. చోటు మళ్లీ మళ్లీ మారినవాళ్లకి, మధ్యలో పారిపోయినవాళ్లకి, చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లకి, మానసిక ఆరోగ్యం బాగాలేనివాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. మగపిల్లలకి ఇంకా ఎక్కువ. ఆ దేశం వేరే, మన హోమ్‌లు వేరే. అయినా మీవాడు ఎన్ని చోట్లు మారినాడో, ఎప్పుడైనా పారిపోయినాడో కనుక్కోండి. నాకైతే ఆ రెండు ప్రశ్నలే ముందు తడతాయి.

శ్రోత: రెండు హోమ్‌లు మారినాడు మేడమ్. ఒకసారి పారిపోయి రైలెక్కినాడు కూడా.

మేడమ్: అయితే ఉగాది దాకా ఆగొద్దు, ఈ వారమే మొదలుపెట్టండి. 2015 బాలల న్యాయ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. 18 నిండి హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకు డబ్బు సాయం చేసి నిలబెట్టొచ్చని చెప్తుంది. ఆ సాయం 21 దాకా ఉంటుంది, తప్పనిసరైతే 23 దాకా పొడిగిస్తారు. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. అడక్కుండా ఇంటికి వచ్చే డబ్బు కాదమ్మా అది. మీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పోయి, వాడి పేరుతో అర్జీ పెట్టించండి. హోమ్‌లో వాడికి ఒక సంరక్షణ ప్రణాళిక రాసి ఉండాల. అందులో 18 తర్వాత సంగతి ఏం రాసినారో అడగండి. ఏమీ రాయకపోతే రాయించండి. ఆధార్, బ్యాంకు ఖాతా, టీసీ, కుల ధ్రువపత్రం వాడు బయటికి రాకముందే వాడి చేతిలో ఉండాల. గదిలో చోటు లేకపోయినా ఫర్వాలేదు, ఆదివారం మీ ఇంట్లో వాడికి ఒక ముద్ద పెట్టండి.

శ్రోత: అది చేయగలను మేడమ్.

వ్యాఖ్యాత: రెండో కాల్, తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర టీ కొట్టు నడిపే అన్న.

శ్రోత: మేడమ్, ఒక పిల్లోడు మా కొట్టు పక్కనే పడుకుంటా ఉండాడు. పన్నెండేళ్లుంటాయి. పాపమని గ్లాసులు కడిగే పనిచ్చి అన్నం పెడ్తా ఉండా. తప్పా?

మేడమ్: అన్నం పెట్టడం తప్పు కాదన్నా, పని ఇవ్వకూడదు. 14 లోపు బిడ్డకు పనివ్వడం నేరం. ఇప్పుడే పిల్లల సాయం నంబర్ 1098కి ఫోన్ చేయండి. 1996లో ముంబైలో టాటా సోషల్ సైన్సెస్ సంస్థ ప్రాజెక్టుగా పుట్టిన నంబర్ అది. బిడ్డను 24 గంటల్లోగా, ప్రయాణ సమయం కాకుండా, బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకుపోవాల. సొంతవాళ్లు దొరికి, ఇల్లు క్షేమమని తేలితేనే పంపిస్తారు. యాత్రికులు వచ్చిపోయే ఊరు కదా, ఒంటరిగా తిరిగే బిడ్డ ఎవరి కంటా పడడు. మీ కంట పడ్డాడు. వాళ్లు వచ్చేదాకా మీరు పక్కనే ఉండండి, ఈ బిడ్డ పోలీసును చూస్తే బెదిరిపోతాడు.

వ్యాఖ్యాత: చివరి కాల్. ఎవరు తమ్ముడూ?

శ్రోత: పేరు వద్దు సార్. నాకు 19. హోమ్ నుంచి వచ్చి ఏడాదయింది. హోటల్ పని పోయింది. రాత్రిళ్లు బస్టాండులో పడుకుంటా ఉండా.

మేడమ్: ఫోన్ చేసి మంచి పని చేసినావు నాయనా. నీకు 21 నిండలేదు, అందుకే ఆ సాయం అడిగే హక్కు నీకింకా ఉంది. కాయితాలు నీ దగ్గరున్నాయా?

శ్రోత: ఆధార్ ఒకటే ఉంది. దాంట్లో హోమ్ అడ్రసే ఉంది.

మేడమ్: అది చాలు, మొదలుపెట్టేదానికి. రేపు పొద్దున జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పో. మిగతా కాయితాలు హోమ్ నుంచి వాళ్లే తెప్పించగలరు. కార్పొరేషన్ ఆఫీసులో నిరాశ్రయుల వసతి గురించి కూడా అడుగు. ఒక్కడివే పోతావా?

శ్రోత: ఒక్కణ్ణే మేడమ్. పోయినసారి కూర్చోబెట్టి పంపించేసినారు.

మేడమ్: అయితే మా విద్యార్థి ఒకరు నీతో వస్తారు. లైన్ పెట్టేయొద్దు, కార్యక్రమం అయినాక నీతో మాట్లాడతాను.