ర్యాంకుల ఫోటోలో లేని పిల్లలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని లేపి తీసుకొచ్చిన తల్లిదండ్రులకు మరీ ముఖ్యంగా.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీ గురించి, అంటే ఆ క్లబ్ పిల్లల్ని ఆటగాళ్లుగా తయారుచేసే విభాగం గురించి చెప్పమన్నారు. ఆ మాట అనగానే ఇక్కడ సగం మందికి ఆరుగురి ఫోటో కళ్లముందు ఆడుతుంది. గిగ్స్, బెక్‌హామ్, స్కోల్స్, బట్, నెవిల్ అన్నదమ్ములిద్దరూ. 'క్లాస్ ఆఫ్ 92' అంటారు. నాకైతే దాన్ని చూస్తే రిజల్ట్స్ మర్నాడు పేపర్లో నిండా వచ్చే కాలేజీ ర్యాంకుల ప్రకటన గుర్తొస్తుంది. ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ముఖాలు వేస్తారు. మిగతా సెక్షన్ల పిల్లలు ఏమయ్యారో ఎవరూ చెప్పరు. ఆ ప్రకటనల్లాగే ఇందులోనూ కొంచెం సర్దుబాటు ఉంది. 1992లో ఎఫ్.ఎ. యూత్ కప్, అంటే ఇంగ్లండ్ క్లబ్‌ల కుర్రాళ్ల జట్లు ఆడే కప్పు, దాని ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్‌ను రెండు మ్యాచ్‌లూ కలిపి 6-3తో ఓడించిన జట్టులో స్కోల్స్ లేడు, ఫిల్ నెవిల్ లేడు. వాళ్లిద్దరూ మరుసటి ఏడాది ఫైనల్ ఆడి, లీడ్స్ చేతిలో ఓడిపోయారు. ఓడిన ఏడాది పేరు ఎవరు పెట్టుకుంటారు చెప్పండి!

సరే, అసలు ఇదంతా ఎక్కడ మొదలైంది? డబ్బు లేకపోవడంతో మొదలైంది. 1931లో ఆ క్లబ్ దివాలా అంచున ఉంటే జేమ్స్ గిబ్సన్ అనే వ్యాపారి నిలబెట్టాడు. ఆటగాళ్లను కొనే స్తోమత లేదు కాబట్టి మనమే తయారుచేసుకుందాం అన్నాడు. 1938లో ఎంయూజేఏసీ (మాంచెస్టర్ యునైటెడ్ జూనియర్ అథ్లెటిక్ క్లబ్) పేరుతో కుర్రాళ్ల విభాగం పెట్టారు. 1937 అక్టోబరు నుంచి ఆ క్లబ్ ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ సొంతంగా తయారుచేసుకున్న ఆటగాడు ఒక్కడైనా జట్టులో ఉంటున్నాడు. 2019 డిసెంబరులో ఈ వరుస నాలుగు వేల మ్యాచ్‌లకు చేరింది. మధ్యలో యుద్ధం వచ్చింది, స్టేడియం మీద బాంబులు పడ్డాయి, 1974లో రెండో డివిజన్‌కు పడిపోయారు. వరుస మాత్రం తెగలేదు. కప్పుల లెక్క కంటే నాకు ఈ లెక్కే ఎక్కువ ఆశ్చర్యం.

యుద్ధం తర్వాత మేనేజర్‌గా మాట్ బస్బీ, ఆయన పక్కన సహాయకుడిగా జిమ్మీ మర్ఫీ వచ్చారు. యూత్ కప్ 1952-53లో మొదలైతే మొదటి ఐదేళ్లూ యునైటెడే గెలిచింది. తొలి సీజన్లో నాంట్‌విచ్ కుర్రాళ్ల మీద 23-0. పాపం, అవతలి గోల్‌కీపర్ సంగతి తలచుకుంటేనే జాలేస్తుంది. ఆ బ్యాచ్‌లోని డంకన్ ఎడ్వర్డ్స్ పదహారేళ్లకే పెద్ద జట్టుకు ఆడాడు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో ఆ జట్టులో ఎనిమిది మంది ఆటగాళ్లు పోయారు. ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆసుపత్రిలో పోరాడి, ఇరవై ఒక్కేళ్ల వయసులో కన్నుమూశాడు. అయినా క్లబ్ కుర్రాళ్లను వదిలిపెట్టలేదు. 1964లో మళ్లీ యూత్ కప్ గెలిచింది, ఆ జట్టులో జార్జ్ బెస్ట్ ఉన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీని వరసగా ఐదుసార్లు గెలిచింది. కోచ్ రహీం సాబ్. వృత్తిరీత్యా టీచర్. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చింది. 1963లో ఆయన పోయారు. తర్వాత మన దగ్గర ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. బస్బీ అంతటి మనిషి మనకూ ఉన్నాడు. ఆయన తర్వాత ఆ పని మోసే వ్యవస్థే లేకపోయింది.

ఇప్పుడు ఎరిక్ హారిసన్ గురించి చెప్పాలి. ఆ ఆరుగురినీ మలిచిన యూత్ కోచ్. సాల్‌ఫర్డ్‌లో 'ది క్లిఫ్' అనే పాత ట్రైనింగ్ గ్రౌండ్. పైన ఆయన గది, కింద మైదానం. ఎవడైనా సులువైన పాస్ వదిలేసి గొప్పకు పోయి దూరంగా కొట్టాడంటే పైనుంచి అద్దం మీద దబదబా చప్పుడు. తలెత్తి చూడాలంటేనే టెన్షన్. ఇది ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లే నవ్వుకుంటూ చెప్పిన సంగతి. శనివారం కుర్రాళ్ల మ్యాచ్ పొద్దునే ఉండేది. మేనేజర్ ఫెర్గూసన్ వీలైనప్పుడల్లా వచ్చి చూసేవాడు. గిగ్స్ పద్నాలుగో పుట్టినరోజున వాళ్లింటికి స్వయంగా వెళ్లాడు. అప్పటిదాకా ఆ పిల్లాడు అదే ఊళ్లోని ప్రత్యర్థి క్లబ్ మాంచెస్టర్ సిటీ వాళ్ల దగ్గర ట్రైనింగ్‌కు వెళ్తున్నాడు మరి!

కానీ నేర్పినంత మాత్రాన సరిపోదు, ఆడించాలి. నా దృష్టిలో అసలు కష్టం అక్కడే ఉంది. 1994 సెప్టెంబరులో లీగ్ కప్ మ్యాచ్‌కు ఫెర్గూసన్ పిల్లలతో నిండిన జట్టును పోర్ట్ వేల్‌కు పంపాడు. టికెట్ కొన్నవాళ్లకు పెద్ద ఆటగాళ్లను చూపించలేదని అక్కడ గొడవ. మ్యాచ్ 2-1తో గెలిచారు, రెండు గోల్సూ తొలి మ్యాచ్ ఆడుతున్న స్కోల్స్‌వే. మరుసటి వేసవిలో పెద్ద ఆటగాళ్లు ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్ ముగ్గురూ క్లబ్ వదిలి వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను కొనలేదు. సీజన్ మొదటి మ్యాచ్‌లో ఆస్టన్ విల్లా చేతిలో 3-1 ఓటమి. పిల్లలతో ఏమీ గెలవలేరని టీవీలో వ్యాఖ్యాత అలన్ హాన్సెన్ తేల్చేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆ రాత్రి అందరూ అదే అనుకుని ఉంటారు. 1996 మే నాటికి లీగూ, ఎఫ్.ఎ. కప్పూ రెండూ యునైటెడ్‌వే.

ఇక ఫోటోలో లేనివాళ్లు. బెన్ థార్న్‌లీ అనే వింగర్ ఉండేవాడు. 1992 ఫైనల్లో గోల్ కొట్టాడు. చాలామంది దృష్టిలో ఆ బ్యాచ్‌లో మెరికల్లాంటివాళ్లలో ఒకడు. 1994 ఏప్రిల్లో రిజర్వ్ (రెండో జట్టు) మ్యాచ్‌లో ఒక్క ట్యాకిల్‌కు మోకాలి లిగమెంట్లు తెగాయి. కోలుకున్నాడు, వేరే క్లబ్‌లకు ఏళ్ల తరబడి ఆడాడు, కానీ ఆ వేగం తిరిగి రాలేదు. రాబీ సావేజ్‌ను 1994లో వద్దని పంపించేశారు. క్రూ అనే చిన్న క్లబ్‌లో చేరి, అక్కడి నుంచి లెస్టర్‌కు వెళ్లి, ప్రీమియర్ లీగ్‌లో ఏళ్లపాటు పాతుకుపోయాడు. కీత్ గిలెస్పీని 1995లో ఆండీ కోల్ కోసం న్యూకాజిల్‌కు ఇచ్చేశారు. బెక్‌హామ్‌కు కూడా దారి నేరుగా పడలేదు, అదే ఏడాది ప్రెస్టన్ అనే క్లబ్‌కు లోన్ మీద, అంటే తాత్కాలికంగా, వెళ్లి ఆడి వచ్చాడు. పిల్లాడికి పదహారేళ్లు వచ్చేసరికే 'వీడు పనికిరాడు' అని చెప్పేసే కోచ్‌లు సావేజ్ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

అక్కడ ప్రొఫెషనల్ క్లబ్ అకాడమీలో పిల్లల దగ్గర ఫీజు తీసుకోరు, ఖర్చు క్లబ్‌దే. తొమ్మిదేళ్ల లోపు విభాగం నుంచే రిజిస్టర్ చేసుకుంటారు, మధ్యమధ్యలో జల్లెడ పడతారు. చివరికి పెద్ద జట్టు దాకా వెళ్లేది బహు కొద్దిమంది. మన దగ్గర ఫీజు కట్టేది మీరు. అందుకే గోడ మీద ఫోటోలు చూసి మురిసిపోకుండా, పోయినేడు మానేసిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నారని అకాడమీ వాళ్లను అడగండి. పెద్ద జట్టులో మీవాళ్లు ఎంతమంది, మొన్న మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడారని అడగండి. నసుగుతుంటే అక్కడే తెలిసిపోతుంది.

చివరగా ఒక చేదు సంగతి. 2022లో యునైటెడ్ మళ్లీ యూత్ కప్ గెలిచింది, ఫైనల్‌కు క్లబ్ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌కు 67 వేల మందికి పైగా వచ్చారు. ఆ జట్టులోని గర్నాచో, మైనూ 2024 ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో సిటీ మీద చెరో గోల్ కొట్టి కప్పు తెచ్చారు. ఏడాది తిరిగేసరికి గర్నాచోను చెల్సీకి అమ్మేశారు. అతని కంటే ముందే, అకాడమీలోనే పెరిగిన మెక్‌టామినేను ఇటలీ క్లబ్ నాపోలికి అమ్మారు. అతను వెళ్లిన మొదటి సీజన్లోనే ఇటలీ లీగ్ గెలిచాడు. ఎందుకు అమ్ముతున్నారంటే, కొనుక్కున్న ఆటగాడిని అమ్మితే కొన్న ధరలో మిగిలిన భాగం తీసేయగా వచ్చేదే లాభం. సొంతంగా పెంచిన కుర్రాడికి కొన్న ధరే ఉండదు కనుక, వచ్చిందంతా ఖాతాలో లాభమే. లీగ్ ఖర్చుల నిబంధనలు బిగుసుకున్నాక ఇంగ్లండ్‌లో చాలా క్లబ్‌లు ముందు తమ ఇంటి పిల్లల వైపే చూస్తున్నాయి. గిబ్సన్ డబ్బు లేక పిల్లల్ని పెంచాడు, ఇప్పుడు లెక్కలు సరిపోక వాళ్లనే అమ్ముతున్నారు. ఆ క్లబ్‌ను చిన్నప్పటి నుంచి అభిమానించినవాడిగా నాకు ఇది మింగుడుపడదు.

ప్రశ్నలుంటే అడగండి. ముందు పిల్లలకే మైక్ ఇవ్వండి.