నాలుగు తీగల మీద ఏడు స్వరాల కార్డ్

అందరికి నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్న. ఇయ్యాల పాట నేర్పిస్తలేను, ఒక ప్రశ్నకు జవాబు చెప్తా. మిర్యాలగూడ నుంచి ఆదివారం ఆదివారం నా దగ్గరికొచ్చి ఉకులేలే (చిన్న గిటార్ లెక్కుండే నాలుగు తీగల వాద్యం) నేర్చుకునే ఇంటర్ పిల్ల అడిగిన ప్రశ్న. "సార్, నైన్త్ కార్డంటే ఐదు స్వరాలంటిరి, థర్టీన్త్ అంటే ఏడంటిరి. దీనికేమో నాలుగే తీగలాయె. మరెట్ల వాయిస్తరు?"

ఆ పూట సగం జవాబే చెప్పి పంపిన. మిగిలిన సగం చేతిల ఉకులేలే పట్టుకొని చెప్తేనే అర్థమైతది.

కార్డంటే కొన్ని స్వరాలు ఒక్కపారే కలిసి మోగుడు. ముందుగాల ఆ స్వరాల లెక్క చూద్దాం. పాశ్చాత్య సంగీతంల సి అనే స్వరాన్ని మన షడ్జమం అనుకోండ్రి. స గ ప కలిస్తే సి మేజర్. దాని మీద కైశికి నిషాదం పెడితే సి సెవెన్. ఇంకో మెట్టెక్కితే పై రిషభం, అది నైన్త్. ఆ పైన శుద్ధ మధ్యమం లెవెన్త్, ఆ పైన చతుశ్రుతి ధైవతం థర్టీన్త్. ఒకటి విడిచి ఒకటి ఎక్కుకుంట పోతే ఏడు స్వరాలు వచ్చేసినయ్. రాగాలు తెలిసినోళ్ళు జర ఆగి చూడుండ్రి, అవి హరికాంభోజి స్వరాలు. రాగంల ఒకదాని వెనుక ఒకటి నడిచేటివి ఇక్కడ ఒక్కపారే మోగాలె.

నిజంగ ఏడూ మోగాల్నా? అవసరం లేదు. పియానో వాయించేటోళ్ళు సుత థర్టీన్త్‌ల అన్నీ వెయ్యరు. అంతర గాంధారం, పైన శుద్ధ మధ్యమం ఒకదాన్నొకటి ఒరుసుకుంటయ్, అందుకని మధ్యమాన్ని తీసేస్తరు. పంచమం తీసేసినా చెవి పెద్దగ అడగది. గాంధారం, నిషాదం మాత్రం పోవద్దు. మేజరా మైనరా అన్నది గాంధారం చెప్తది. సెవెనా మేజర్ సెవెనా అన్నది నిషాదం చెప్తది. వాటికి తోడు ఏ స్వరం పేరు మీద కార్డ్ ఉన్నదో ఆ స్వరం. నైన్త్‌కు రిషభం, థర్టీన్త్‌కు ధైవతం. మూడు తీగలు అయిపోయినయ్. మిగిలిన ఒక్క తీగకు షడ్జమం ఇస్తే సరిపాయె.

వాయించి చూపిస్త. నా తీగలు పై నుంచి కిందికి జి, సి, ఇ, ఎ. ఫ్రెట్లు, అంటే మెడ మీద వేలు పెట్టే గళ్ళు, అదే వరుసల చెప్తా, సున్నా అంటే వేలు పెట్టని తీగ. 3 0 0 5. ని, స, గ, రి. ఇది సి నైన్, పంచమం ఒక్కటే లేదు. ఎంత నిండుగున్నదో విన్నరా?

ఇప్పుడు ఇంకోటి. 0 2 0 1. ప, రి, గ, ని. దీన్ని సుత సి నైన్ అనే రాస్తరు. కానీ ఇండ్ల షడ్జమమే లేదు! నేను కొత్తగ నేర్చుకునేటప్పుడు చార్ట్‌ల ఇదే బొమ్మ కింద ఒకచోట సి నైన్ అని, ఇంకోచోట జి మైనర్ సిక్స్ అని చూసి అచ్చుతప్పనుకున్న. చానా రోజులు ఆ పేజీ తిప్పి ముందుకు పోయిన. తప్పు లేదక్కడ. రెండు పేర్లూ నిజమే.

మన పానగల్లుల ఛాయా సోమేశ్వరాలయం చూసినోళ్ళకు ఈ సంగతి తొందరగ ఎక్కుతది. గర్భగుడిల లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పడుతది, పొద్దు జరిగినా ఆ నీడ జరగది. ఏ స్తంభం నీడ అని వెతికితే ఆ జాగల ఒక్క స్తంభం దొరకది. వేరువేరు దిక్కుల వెలుతురు, చుట్టున్న స్తంభాలు కలిసి వేసే నీడ అది. 0 2 0 1 ల షడ్జమం సుత అంతే. తీగ మీద లేదు, చుట్టున్న స్వరాలు కలిసి చెవుల పడేస్తయ్. కాకపోతే చెవికి సి ఎక్కడున్నదో ముందే తెల్వాలె. బేస్ గిటార్ చెప్పొచ్చు, పాడేటోళ్ళ గొంతు చెప్పొచ్చు. మా ఇంట్ల అయితే భజనలకు వాడే హార్మోనియం పెట్టె చెప్తది.

ఇక మీరు చేసి చూసేది. ఫోన్ల తంబూరా యాప్ తెరిచి సి శ్రుతి పెట్టుండ్రి. ఎడమ చెయ్యి అసలు పెట్టకుండ నాలుగు తీగలూ మీటుండ్రి. వినబడేది సి సిక్స్. తీగలు అట్లనే ఉంచి శ్రుతి ఎ కు మార్చుండ్రి, ఎ మైనర్ సెవెన్ అయింది, మబ్బు పట్టినట్టు. ఇప్పుడు ఎఫ్. ఆగి వినుండ్రి దీన్ని. ఇది ఎఫ్ మేజర్ నైన్. ఒక్క వేలు సుత పెట్టలే! ఎఫ్ తంబూరా ఇస్తున్నది, మిగిలిన ఎ, సి, ఇ, జి మీ తీగల మీదనే ఉన్నయ్. నాకు ఇంతకంటె ఇష్టమైన కార్డ్ ఈ వాద్యం మీద లేదు.

జి తీగ సంగతి సుత చెప్పాలె. చూసేటందుకు పైన ఉన్నది గని అది మంద్రం కాదు, సి తీగ కంటె ఎచ్చు స్వరం. అందుకే మన స్వరాలన్నీ చిన్న అర్రల మనుషుల లెక్క దగ్గర దగ్గర కూసుంటయ్. చెరుకు తోటల పనికి మదీరా దీవి నుంచి పోర్చుగీసోళ్ళు 1879ల ఓడెక్కి హవాయి పోయిండ్రు. వాళ్ళు పట్టుకపోయిన చిన్న వాద్యాల నుంచే ఉకులేలే పుట్టింది. వలసంటే ఏందో పాలమూరోళ్ళకు నేను చెప్పనక్కరలేదు, మూటల ఏం పట్టుకపోతరో సుత చెప్పనక్కరలేదు.

ఆ దగ్గరితనం ఒక్కోపారి తీపి, ఒక్కోపారి పులుపు. 3 0 0 0 పట్టుండ్రి. ఒక్క వేలుతోని సి థర్టీన్! ని, స, గ, ద. కానీ ధైవతం, కైశికి నిషాదం పక్కపక్కనే అర మెట్టు దూరంల ఉన్నయ్, గట్టిగ కొడితే గీసుకపోయినట్టుంటది. ఇట్లాంటి కార్డ్‌ను కొట్టొద్దు, బొటనవేలుతోని నిమ్మళంగ పై నుంచి కిందికి దించాలె.

వరుసగ మూడు కార్డులు. డి మైనర్ సెవెన్, 2 2 1 3. చూపుడు వేలు ఇ తీగ మీద, నడిమి వేలు జి మీద, ఉంగరం వేలు సి మీద, చిటికెన వేలు ఎ మీద. చిటికెన వేలును ఒక్క ఫ్రెట్ ఎనక్కి జరుపుండ్రి, 2 2 1 2. జి నైన్ వచ్చింది, ఇండ్ల సుత జి లేదు. ఇప్పుడు చూపుడు వేలు, నడిమి వేలు లేపుండ్రి, మిగిలిన రెండు కదపొద్దు. 0 2 0 2, సి మేజర్ నైన్. పక్కన ఎవరన్న హార్మోనియం మీద డి, జి, సి ఒక్కొక్క మెట్టు నొక్కితే చాలు. ఒంటిగ వాయిస్తే ఆఖరిది ఇ మైనర్ సెవెన్ లెక్క వినబడుతది, కంగారుపడకుండ్రి. వేళ్ళ తప్పు కాదది, కింద సి లేదు అంతే.

ఆదివారం ఆ పిల్ల వస్తే ఈ ఆఖరిది చేయిస్త. శ్రుతి సి. కార్డ్ 0 2 0 0, అంటే ప, రి, గ, ద. స ఒక్కటి కలిస్తే మోహనం స్వరాలు మొత్తం ఉన్నట్టే. అదొక్క కార్డే మీటుకుంట మోహనం ఆరోహణ పాడాలె. పై షడ్జమం మీద నిలబడినంక తంబూరా ఆపేసి తీగలు వినుండ్రి. స మీ గొంతుల ఉన్నది.