టెక్సాస్ ఆవులకి ఏమీ కాదు, పక్క ఊరి ఆవులు మాత్రం చచ్చిపోతాయి: పిడుదు గుట్టు విప్పిన థియోబాల్డ్ స్మిత్

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఆడ దోమ మలేరియా మోస్తుందని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనిపెట్టాడని స్కూల్లో చదువుకున్నాం కదా, 1897లో. దానికి నాలుగేళ్ళ ముందే అమెరికాలో ఒకాయన పిడుదు (పశువుల ఒంటిని పట్టుకుని రక్తం తాగే పురుగు, కొన్ని వైపుల గోమారి అంటారు) వల్ల పశువులకి జ్వరం వస్తుందని పక్కాగా నిరూపించి రిపోర్ట్ అచ్చేయించాడు. ఆయన పేరు థియోబాల్డ్ స్మిత్. మన దగ్గర వెటర్నరీ చదివినోళ్ళని వదిలేస్తే ఆ పేరు విన్నవాళ్ళు బహుశా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

(స్క్రీన్ మీద: అమెరికా మ్యాప్, టెక్సాస్ నుంచి ఉత్తరానికి బాణం గుర్తు)

అక్కడ అంతర్యుద్ధం అయిపోయేసరికి టెక్సాస్ నిండా పశువులే, కొనే నాథుడు లేడు. పైన చికాగో వైపు చూస్తే మాంసానికి మంచి రేటుంది. ఇంకేముంది, మందలకి మందలు తోలుకుంటూ ఉత్తరానికి బయల్దేరారు. మంద ఒక ఊరి మీదుగా వెళ్ళిపోయేది, ఆ రోజు ఏమీ అయ్యేది కాదు, వారం గడిచినా ఏమీ లేదు, నెలా నెలన్నర అయ్యాక ఆ ఊరి పశువులు ఒక్కొక్కటే పడిపోయేవి. ఒళ్ళు కాలిపోయే జ్వరం, మేత ముట్టవు, మూత్రం ఎర్రగా కాఫీ రంగులో పోస్తాయి, కొన్ని రోజుల్లో ప్రాణం పోతుంది. 1868లో ఒక్క ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాల్లోనే దాదాపు 15 వేల పశువులు పోయాయి.

అసలు విచిత్రం ఏంటంటే టెక్సాస్ నుంచి వచ్చిన ఆవులు మాత్రం దిట్టంగా ఉండేవి, హాయిగా నెమరేసుకుంటూ. జబ్బు తెచ్చింది అవేనని అందరికీ తెలుసు, కానీ వాటి ఒంట్లో జబ్బు కనపడదు. మిస్సోరీ రైతులైతే తుపాకులు పట్టుకుని దారికి అడ్డం నిలబడ్డారు, మీ మంద మా ఊళ్ళో కాలు పెట్టడానికి వీల్లేదని.

పశువులు మేపుకునే కొంతమంది మాత్రం ముందునుంచీ ఒకటే మాట, ఇదంతా పిడుదుల పనే అని. పెద్ద పెద్ద నిపుణులు నవ్వేశారు. ఇంగ్లండ్ నుంచి పిలిపించిన జాన్ గామ్‌జీ అనే పశువైద్యుడు కూడా ఆ మాట కొట్టిపారేశాడు. వాళ్ళ లెక్కలో దక్షిణాది ఆవుల చొంగో, పేడో, మూత్రమో గడ్డిని విషం చేస్తోంది. రైతుల మాట వినలేదని గామ్‌జీని తిట్టుకోవడం ఈజీయే గానీ, ఆయన అనుమానంలో న్యాయం లేకపోలేదు. ఎందుకంటే ఈ జాతి పిడుదు ఒక ఆవుని పట్టుకుంటే మూడు వారాల పాటు దాని మీదే పెరిగి, దాని మీదే కడుపునిండా తాగి, కిందపడి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మామూలుగా ఇంకో ఆవు మీదికి ఎక్కనే ఎక్కదు. మరి రెండో ఆవుని కుట్టనప్పుడు రెండో ఆవుకి జబ్బెలా అంటిస్తుంది?

ఇక్కడే స్మిత్ సీన్‌లోకి వస్తాడు. జర్మనీ నుంచి వలసొచ్చిన కుటుంబం, పుట్టింది 1859లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో, డాక్టర్ చదువు చదివి 1884లో వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ వాళ్ళ పశు విభాగంలో చేరాడు. ఆయన బాస్ పేరు డేనియల్ సాల్మన్. సాల్మొనెల్లా బ్యాక్టీరియా పేరు విన్నారుగా, దాన్ని ల్యాబ్‌లో పట్టుకుంది స్మిత్, పేరు మాత్రం బాస్‌ది పడింది, ఆఫీసులంటే ఎక్కడైనా అంతే మరి.

(స్క్రీన్ మీద: పక్కపక్కనే మూడు కంచెలు)

1889 వేసవిలో వాషింగ్టన్ శివార్లలో ఉన్న ప్రయోగ క్షేత్రంలో ఫ్రెడరిక్ కిల్‌బోర్న్ అనే పశువైద్యుడితో కలిసి మొదలుపెట్టారు. మైక్రోస్కోప్ కంటే ముందు కంచెలు. నార్త్ కరోలినా నుంచి పిడుదులు పట్టిన ఆవుల్ని తెప్పించారు. ఒక కంచెలో వాటిని అలాగే పిడుదులతో వదిలి, పక్కన ఉత్తరాది ఆవుల్ని పెట్టారు. రెండో కంచెలో కూడా అవే దక్షిణాది ఆవులు, అవే ఉత్తరాది ఆవులు, కానీ పిడుదులన్నీ చేత్తో ఏరేశారు. వినడానికి తేలిగ్గా ఉంది గానీ, ఆవుకి పిడుదులు ఏరినవాళ్ళని అడగండి. పెద్దవైతే ఆముదం గింజలంత లావుగా చేతికి తగుల్తాయి, పిల్ల పిడుదులు తొడల సందుల్లో, చెవుల్లో, పొదుగు పక్కన వెంట్రుకల అడుగున కనపడకుండా ఉంటాయి, ఇవాళ ఏరేశాం అనుకుంటే రేపటికి ఇంకొన్ని పెరిగి కనపడతాయి. మళ్ళీ మళ్ళీ వెతికి ఒక్కటి కూడా మిగలకుండా తీశారు. మూడో కంచెలో అసలు దక్షిణాది ఆవే లేదు, గడ్డి మీద పిడుదులు చల్లి ఉత్తరాది ఆవుల్ని మేతకి వదిలారు.

మొదటి కంచెలో జబ్బు, మూడో కంచెలో జబ్బు, రెండో కంచెలో ఏమీ లేదు. ఆవు లేకపోయినా పిడుదు ఉంటే చాలు, పిడుదు లేకపోతే ఆవు పక్కనే మేసినా భయం లేదు. చొంగ, పేడ థియరీలు అక్కడితో సరి.

స్మిత్ అక్కడితో ఆగి ఉంటే గామ్‌జీ లాంటివాళ్ళ ప్రశ్నకి జవాబు ఉండేది కాదు. ఆయన ల్యాబ్‌లో పిడుదు గుడ్లని పొదిగించాడు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పుట్టాక ఒక్క చుక్క రక్తం తాగలేదు, ఒక్క ఆవుని చూడలేదు, వాటిని తీసుకెళ్ళి ఆరోగ్యంగా ఉన్న ఆవుల మీద వదిలాడు, ఆవులకి జ్వరం వచ్చింది! అంటే తల్లి తాగిన రక్తంలోని పరాన్నజీవి గుడ్లలోకి దిగి పిల్లలకి చేరుతోంది, ఆ పిల్లలే ఇంకో ఆవుని పట్టుకుంటున్నాయి. నెలన్నర ఆలస్యం లెక్క కూడా తేలిపోయింది, తల్లి గడ్డిలో రాలి గుడ్లు పెట్టాలి, ఎండకి అవి పొదగాలి, పిల్లలు గడ్డి పోచలెక్కి ఆవు కోసం కాచుకోవాలి, కుట్టాక జబ్బు ముదరాలి. నాకైతే ఈ మొత్తం కథలో ఇదే గొప్ప ముక్క అనిపిస్తుంది.

ఇంకోపక్క మైక్రోస్కోప్‌లో చూస్తే జబ్బు చేసిన ఆవు ఎర్ర రక్తకణాల లోపల బేరిపండు ఆకారంలో జంటలు జంటలుగా ఏవో ఉన్నాయి. ఆ పరాన్నజీవినే ఇప్పుడు మనం బెబీసియా బైజెమినా అంటున్నాం. అది కణాల్ని పగలగొడుతుంది, లోపలి రంగు మూత్రంలోకి దిగుతుంది, అందుకే ఆ ఎరుపు. టెక్సాస్ ఆవులు ఎందుకు బతికిపోయాయంటే దూడలప్పుడే కొద్దిగా సోకి తట్టుకునేస్తాయి, ఆ తర్వాత ఒంట్లో పెట్టుకుని తిరిగినా వాటికి బాధుండదు.

1893లో స్మిత్, కిల్‌బోర్న్ ఇద్దరి పేర్లతో మూడొందల పేజీల రిపోర్ట్ వచ్చింది. పిడుదు జీవితచక్రం మీద కష్టపడిన కూపర్ కర్టిస్ అనే ఇంకో ఆయన తనకి రావాల్సిన పేరు రాలేదని చాలా బాధపడ్డాడు, అందులో కొంత నిజమే.

(స్క్రీన్ మీద: ముంచుడు తొట్టిలోంచి నడుస్తున్న ఆవులు)

1906లో ప్రభుత్వం పిడుదుని దేశంలోంచే తరిమేద్దామని దిగింది. ఆర్సెనిక్ కలిపిన నీళ్ళ తొట్లు కట్టి పశువుల్ని అందులో ముంచి తీయాలి, రెండు మూడు వారాలకోసారి. చిన్న రైతులకి మండిపోయింది, పని చెడగొట్టుకుని మందని అంత దూరం ఎవరు తోలతారు, కొన్నిచోట్ల రాత్రికి రాత్రి డైనమైట్ పెట్టి తొట్లు పేల్చేశారు కూడా. 1943కి దాదాపు పని పూర్తయింది, మెక్సికో సరిహద్దులో మాత్రం ఇప్పటికీ గుర్రాల మీద తిరుగుతూ దాటొచ్చిన పశువుల్ని పట్టుకునే ఉద్యోగులున్నారు.

అదే టైంలో అక్కడి రైతులు మన దేశపు మూపురం పశువుల్ని తెప్పించుకున్నారు. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిలో గిర్, గుజరాత్ పశువులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా ఉంది, నెలోర్ అంటారు అక్కడ, మన నెల్లూరు పేరే. వీటి మీద పిడుదులు తక్కువ పట్టుకుంటాయి, పట్టినా ఎక్కువ బతకవు.

మనం మాత్రం పాల కోసం జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) లాంటి విదేశీ జాతుల క్రాస్ ఆవుల్ని కొట్టంలో కట్టేసుకున్నాం, వాటికి ఆ తట్టుకునే శక్తి తక్కువ. అందుకే మన ఊళ్ళలో కూడా జ్వరం, కాఫీ రంగు మూత్రం అంటే వెటర్నరీ డాక్టర్ రక్తం స్లైడ్ చూస్తారు, తొందరగా పట్టుకుంటే ఇంజెక్షన్‌తో తగ్గుతుంది, సాయంత్రం చూద్దాంలే అనుకుంటే ఆవు దక్కకపోవచ్చు. పిడుదుల మందు ఆవు ఒంటికే కొట్టి ఊరుకుంటున్నారు చాలామంది, రాలిన తల్లి పిడుదులు గుడ్లు పెట్టేది కొట్టం గోడల పగుళ్ళలో, గాడి కింద, ఎండుగడ్డి మూలల్లో. అక్కడ కూడా కొట్టండి, పగుళ్ళు పూడ్చేయండి, డోసు మాత్రం డాక్టర్‌ని అడిగే కలపండి, ఎక్కువైతే ఆవుకే విషం.