ఉంగరం ఎవరి దగ్గర ఉంది? | జగదేకవీరుడు అతిలోకసుందరి రివ్యూ

నమస్కారం అండీ. ఇవాళ కొత్త సినిమా కాదు, పాతదే. 1990 మే 9న విడుదలైన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. సరిగ్గా 35 ఏళ్లకు, 2025 మే 9న, 2డీలోనూ 3డీలోనూ మళ్లీ థియేటర్లకు వచ్చింది కదా, అప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో 3డీ చూశాను. చిన్నప్పుడు టీవీలో ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. కానీ నిండిన హాల్లో, పెద్ద తెర మీద చూస్తే అప్పటిదాకా పట్టని ఒక సంగతి పట్టింది. దాని గురించే ఈ వీడియో.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. రాజు, అంటే చిరంజీవి, టూరిస్ట్ గైడ్. అనాథ పిల్లల్ని చేరదీసి పెంచుకుంటున్నాడు. వాళ్లలో ఒక చిన్నపాప కాలు బాగు చేయడానికి మూలిక కోసం హిమాలయాలకు వెళ్తాడు. అక్కడ మానస సరోవరానికి విహారానికి దిగిన ఇంద్రుడి కూతురు ఇంద్రజ, అంటే శ్రీదేవి, తన ఉంగరం పోగొట్టుకుంటుంది. అది రాజుకు దొరుకుతుంది. ఆ ఉంగరం లేకపోతే ఆమెకు స్వర్గంలో ప్రవేశం లేదు. దాంతో ఆమె భూమికి దిగి, రాజు ఇంటికే చేరుతుంది. ఇంకోవైపు మహాద్రష్ట అనే మాంత్రికుడికీ ఆ ఉంగరమే కావాలి. క్లైమాక్స్ చెప్పను.

దర్శకుడు కె. రాఘవేంద్రరావు, నిర్మాత అశ్వనీదత్, సంగీతం ఇళయరాజా, పాటలు వేటూరి, మాటలు జంధ్యాల, కెమెరా ఎ. విన్సెంట్. ఇంతమంది ఒకే సినిమాకి కుదరడం మామూలు విషయం కాదు. పైగా విడుదలైన రోజే పెద్ద తుఫాను కోస్తా తీరాన్ని తాకింది. ఊళ్లలో మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వెళ్లి ఈ సినిమా చూశామని చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి.

దేవకన్యకీ మనిషికీ ప్రేమ అనగానే మనకు అందం, మాయలు, ఆకాశంలో మేఘాలు గుర్తొస్తాయి. కానీ ఇలాంటి కథల్ని నడిపించేది అది కాదని నాకు అనిపిస్తుంది. ఇంటికి తిరిగి వెళ్లే దారి ఎవరి చేతిలో ఉంది, దాన్నిబట్టే కథ నడుస్తుంది.

1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ' తీసుకోండి. కె.వి. రెడ్డి దర్శకుడు, ఎన్టీఆర్, బి. సరోజాదేవి. ఇంద్రుడి కూతురు జయంతి జలకాలాడుతుంటే ఆమె చీరను ప్రతాపుడు చేజిక్కించుకుంటాడు. అది లేకుండా ఆమె స్వర్గానికి వెళ్లలేదు, కాబట్టి అతని వెంట వస్తుంది. సినిమాగా నాకు అది ప్రాణం. ఎప్పుడు టీవీలో వచ్చినా రిమోట్ పక్కన పెట్టేస్తాను. కానీ నిజం చెప్పాలంటే ఆ పెళ్లికి పునాది దొంగతనం. ఆ అమ్మాయికి వెళ్లిపోయే వీలుంటే ఉండేదా అనే ప్రశ్న నన్ను ఎప్పుడూ వదల్లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే షరతుల కథలు కనిపిస్తాయి. ఊర్వశి పురూరవుడి దగ్గర ఉండటానికి షరతులు పెట్టింది. గంగ శంతనుడికి నేనేం చేసినా అడగకూడదంది. మాట తప్పిన రోజు ఇద్దరూ వెళ్లిపోయారు. అక్కడ దారి ఎప్పుడూ ఆడవాళ్ల చేతిలోనే ఉంది, మగవాడు భయపడుతూ బతకాలి.

వీటన్నిటికంటే ఈ సినిమాకి దగ్గరి చుట్టం మన తెలుగులోనే ఉంది. అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్ర. స్కూల్లో పద్యాలు బట్టీ పట్టి మర్చిపోయినవాళ్లు ఒక్కసారి కథ గుర్తు తెచ్చుకోండి. అరుణాస్పదపురంలో ప్రవరుడనే గృహస్థు ఉంటాడు. ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకు రాసుకుని హిమాలయాలకు వెళ్తాడు. అక్కడ మంచు తగిలి ఆ పసరు కరిగిపోతుంది. ఇక ఇంటికి వెళ్లే దారి లేదు. అక్కడే వరూధిని అనే దేవకన్య కనిపిస్తుంది, అతన్ని చూసి మనసు పారేసుకుంటుంది. అతను ఒప్పుకోడు. ఇల్లు, అగ్నిహోత్రం, ముసలి తల్లిదండ్రులు అంటాడు. చివరికి అగ్నిదేవుణ్ని వేడుకుని ఇంటికి చేరతాడు.

గమనించారా? అవే హిమాలయాలు. అక్కడా ఒకరు తిరిగి వెళ్లే సాధనాన్ని మంచులోనే పోగొట్టుకున్నారు. కాకపోతే మనుచరిత్రలో దారి తప్పింది మనిషి, ఈ సినిమాలో దేవకన్య. కథను అచ్చంగా తిరగేశారు. కావాలని చేశారో లేదో గానీ, తిరగేయడంతో వచ్చిన మార్పు చాలా పెద్దది.

ఎందుకంటే ఇక్కడ రాజు ఏమీ దొంగిలించలేదు. దొరికిన ఉంగరం పెట్టుకున్నాడు, అంతే. దాని మహిమ అతనికి తెలియదు. ఆమెను ఆపాలన్న ఆలోచన కూడా లేదు. కాజేయాలని చూసేది ఆమే! ఉంగరం కోసమే ఆ ఇంట్లో మకాం పెడుతుంది. అంటే చీర దొంగిలించిన కథలో మగవాడు చేసిన పని ఇక్కడ దేవకన్య చేయాలనుకుంటుంది. ఆ పని మీద వచ్చి, ఆ ఇంటి పిల్లలతో తిరిగి, వాళ్ల గోల భరించి, వాళ్లకు అలవాటు పడి, మెల్లగా మెత్తబడుతుంది. ఆమెను రాజుకు దగ్గర చేసింది మాయ కాదు, ఆ ఇల్లు. బేబీ షాలిని, బేబీ షామిలి ఉన్న సీన్లు ఏవో పిల్లల కామెడీ కోసం పెట్టినవి అనుకునేవాణ్ని. కాదు, ప్రేమకథ సగం వాళ్ల చుట్టూనే నడిచింది.

శ్రీదేవి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 'అందాలలో అహో మహోదయం' పాట గుర్తుందా, మానస సరోవరం దగ్గర? ఆ పాటలో ఆమె ముఖం చూడండి. తన అందం చూపించుకుంటున్నట్టు ఉండదు. మంచును, నీళ్లను, పూలను మొదటిసారి చూస్తున్న మనిషి ముఖం అది. కళ్లు ముందు వెళ్తాయి, మెడ ఆ తర్వాత తిరుగుతుంది. పెద్ద తెర మీద ఆ చిన్న తేడా స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత ఊళ్లోకి వచ్చాక అదే మనిషి గడ్డం కొంచెం పైకెత్తి "మానవా!" అంటుంది. హాలు మొత్తం ఆమెతో పాటు అరిచింది. కానీ సినిమా సాగుతున్నకొద్దీ ఆ మాట అనేటప్పుడు గడ్డం దిగుతూ వస్తుంది. మొదట ఆజ్ఞ, తర్వాత చిరాకు, ఆ తర్వాత ఇంకేదో. డైలాగ్ మారలేదు, ముఖం మారింది. కిరీటం పెట్టుకుని ఇంత సహజంగా నటించడం ఎంత కష్టమో! 2018లో ఆమె వెళ్లిపోయారు. ఆ తెర ముందు కూర్చుంటే ఆ నష్టం మళ్లీ కొత్తగా తగిలింది.

చిరంజీవిగారు ఇక్కడ తగ్గి నటించారు. అది గొప్ప విషయం. అప్పటికే ఆయన స్టార్‌డమ్ ఆకాశంలో ఉంది. అయినా సగం సీన్లలో ఆమె ఏం చేస్తుందో చూస్తూ, అర్థం కాక నిలబడతారు. మనిషి మామూలుగా ఉంటేనే దేవకన్య దేవకన్యలా కనిపిస్తుంది. జంధ్యాలగారు ఆమెకు పురాణాల భాష, అతనికి వీధి భాష రాశారు. ఆ రెండూ తగిలినప్పుడల్లా నవ్వు పుడుతుంది.

నా వెనక వరుసలో ఒక పాప, ఆరేడేళ్లు ఉంటాయేమో, వాళ్లమ్మను అడిగింది: "ఆమె ఉంగరం ఇచ్చేయమని అడగొచ్చు కదా?" వాళ్లమ్మ "చూడు నాన్నా, చూడు" అంది. నాకు మాత్రం ఆ ప్రశ్న బాగా నచ్చింది. అడిగితే తిరిగి వెళ్లిపోతుంది, కథ అక్కడితో అయిపోతుంది. అడగకుండా చుట్టూ తిరిగిన ఆ కాలమే కదా సినిమా.

నచ్చనివీ ఉన్నాయి. కొన్ని పాటల్లో కెమెరా ఇంద్రజను కథలోంచి బయటికి లాగి వట్టి గ్లామర్ బొమ్మలా చూస్తుంది. పైన చెప్పిన ఆ ముఖాన్ని అంత శ్రద్ధగా చూపించిన సినిమాయే ఇలా చేస్తే బాధగా ఉంటుంది. మహాద్రష్టగా అమ్రీష్ పురి కనిపిస్తేనే భయం వేస్తుంది, కానీ ఆయన చుట్టూ ఉన్న మంత్రతంత్రాల సీన్లు ఇవాళ సాగదీసినట్టు అనిపించాయి. మధ్యలో వచ్చే కామెడీ ట్రాకులు కొన్ని తీసేసినా కథకు లోటేమీ రాదు. ఇక 3డీ. మంచు సీన్లలో బాగుంది, లోతు తెలిసింది. మిగతా చోట్ల ఆ కళ్లద్దాల వల్ల విన్సెంట్‌గారి వెలుగు కొంచెం మసకబారింది. మళ్లీ ఎప్పుడైనా థియేటర్‌కు వస్తే నా సలహా 2డీనే.

ఇళయరాజా పాటల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. 'అబ్బనీ తీయని దెబ్బ' మొదలవగానే మూడు తరాలవాళ్లు ఒకేసారి లేచారు. ఆ ఊపులో 'ప్రియతమా' పాటను మాత్రం మర్చిపోకండి. ఇంద్రజ మనసు ఎక్కడికి చేరిందో డైలాగులు కాదు, ఆ పాటే చెప్తుంది.

పిల్లలతో చూడొచ్చా అంటే నిక్షేపంగా చూడొచ్చు. వీలైతే 'జగదేకవీరుని కథ' ముందు చూపించి, తర్వాతి వారం ఇది చూపించండి. ఒక కథలో చీర, ఇంకో కథలో ఉంగరం. రెంటికీ తేడా ఏంటని అడగండి, వాళ్లేం చెప్తారో వినండి. మీలో ఓపిక ఉన్నవాళ్లు మనుచరిత్రలో వరూధిని కథ వరకైనా తాత్పర్యంతో చదవండి. ప్రవరుడు వెళ్లిపోయాక, ఒక గంధర్వుడు ప్రవరుడి వేషంలో వచ్చి ఆమెను మోసం చేస్తాడు. ఆమె ప్రేమించింది నిజమే, ఎదురుగా ఉన్నవాడే అబద్ధం. ఇన్ని దేవకన్యల కథల్లో నాకు అన్నిటికంటే జాలి కలిగించేది ఆమే. వరూధిని వైపు నుంచి చెప్పిన సినిమా ఒకటి రావాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఆ పాత్ర ఇవాళ ఎవరు చేస్తే బాగుంటుందో కింద కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను.