కుండ చల్లబడిందా?

శ్రోతలకు నమస్కారం. ఎండలు ముదిరాయి. అమలాపురంలోనో భీమవరంలోనో కూలర్ కొందామని బయల్దేరేవాళ్ళు ముందు ఇంట్లో మంచినీళ్ళ కుండ మీద చెయ్యి పెట్టి చూడండి.

కుండ చెమరుస్తుంది. ఆ తడి ఆరుతూ లోపలి నీళ్ళ వేడిని లాగేస్తుంది. కూలర్ చేసే పనీ అదే. పడమటి గాలి కొట్టే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతమే అనుకోండి. మంచి కూలర్ ఇంచుమించు 26 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే సముద్రపు గాలి తిరిగి, ఎండ 36కి తగ్గి, తేమ 65కి చేరితే 31 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ పాడైందని కంగారు పడకండి. ఆ గాలి అప్పటికే నీళ్ళు తాగి ఉంది. చుట్టూ కాలవలు, చేపల చెరువులు ఉన్న మనకి ఇలాంటి రోజులు తక్కువేం కాదు. అనంతపురం చుట్టాలు తమ కూలర్‌ని మెచ్చుకుంటే అది నిజమే, కానీ అక్కడి గాలి వేరు.

మేం మొదటిసారి కూలర్ కొన్నప్పుడు ఏసీకి మూసినట్టు తలుపులూ కిటికీలూ బిగించి పడుకున్నాం. అర్ధరాత్రికి దుప్పటి చెమ్మగా తగిలింది. అమ్మమ్మ ఊపిరాడడం లేదంటూ చాప తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది. తెల్లారి చూస్తే ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారింది, అప్పడాలు మెత్తబడ్డాయి. ఆవిడ పడిన ఇబ్బంది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి. ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి, లోపలికొచ్చిన తేమ గాలికి దారి ఇవ్వాలి. అలాంటి వీలు లేని గదికి కూలర్ కొనకండి.

గది పది అడుగులకి పన్నెండు, ఎత్తు పది అయితే గంటకి కనీసం 1,000 ఘనమీటర్ల గాలి తోసేది కావాలి. మన తేమకి 1,500 అయితే ఇంకా నయం. తేనెపట్టులా ఉండే ప్యాడ్లు గడ్డి ప్యాడ్లకన్నా ఎక్కువకాలం మన్నుతాయి. ఉప్పుబోరు నీళ్ళు పోస్తే మాత్రం వాటి మీదా తెల్లగా పొర కడుతుంది, కుళాయి నీళ్ళే పోయండి. ఐస్ ముక్కల కోసం ఆరాటపడక్కర్లేదు. కిలో ఐస్ కరిగితే పోయే వేడికన్నా కిలో నీళ్ళు ఆవిరైతే పోయే వేడి దాదాపు ఏడు రెట్లు. వారానికోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి తోమండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్ళలోనే. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. నీళ్ళు పోసేముందు ప్లగ్ తీసెయ్యండి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ప్యాడ్లని తడిపే పంపుకి వేరే స్విచ్ ఉన్న కూలర్ తీసుకోమని. కుండ నీళ్ళు చల్లబడని ఉక్కపోత రాత్రి ఆ పంపు ఆపేసి, ఫ్యాన్ ఒక్కటే తిరగనివ్వండి. పెద్దవాళ్ళ మంచం కిటికీ దగ్గరికి జరపండి.